బాలింతరాలికి ఖర్జూరాలు

ఏక్‌బాల్‌పూర్,
నవంబరు 17

బావ షేక్ బుడన్‌కి మరియదాసు ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాయునది. ఇక్కడ నా ఎడమ మోకాలు తప్ప అందరం క్షేమం. నువ్వూ, మా చెల్లెమ్మ హలీమా, మీ కుట్టుమిషన్లూ కులాసా అని తలుస్తాను.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నలభై ఏళ్లు ఓడరేవు డాక్‌లో క్రేన్ల రొదలో నిలబడ్డ చెవులు నావి. నువ్వు ఫోన్‌లో చెప్పేది నాకు తప్ప వీధి మొత్తానికి వినిపిస్తుంది. పైగా ఉత్తరంలో ఒక సుఖం ఉంది. మీ ఇంట్లోనూ మా ఇంట్లోనూ తెలుగు చదవగలిగేది మనిద్దరమే కనక ఎవరినైనా ధారాళంగా తిట్టుకోవచ్చు.

అసలు సంగతికి వస్తాను. మా అమ్మ అప్పలకొండమ్మ ఈ బెంగాలీ గడ్డ మీద డాక్ కూలీల లైన్లలో మొదలుపెట్టిన క్రిస్మస్ నాటకానికి ఈ ఏడాదితో యాభై నిండుతాయి. మా గుడికి హైదరాబాద్ నుంచి ఫాదర్ హరీష్ గారని కొత్తగా వచ్చారు. మంచి మనిషి, కాకపోతే ప్రతిదీ తలకాయలు లెక్కపెట్టి చూస్తారు. "దాసు గారూ, పోయినేడు నాటకానికి పందొమ్మిది మంది వచ్చారట. అందులో తొమ్మండుగురు స్టేజీ మీదే ఉన్నారట" అన్నారు. హాల్లో నూరు కుర్చీలున్నాయి. ఈసారి సగమైనా నిండకపోతే వచ్చే ఏడాది నుంచి నాటకం ఉండదు, తెర కట్టి సినిమా వేస్తారట. అమ్మ పెట్టిన దీపం నా చేతిలో ఆరిపోతుందేమోనని నాకు తిండి సయించడం లేదు.

అందుకని ఈసారి బట్టలు అదిరిపోవాలి. మరియమ్మ వేషం మా అమ్మాయి పూజితది. యోసేపు వేషం అల్లుడు ధనుంజయ్‌ది. గబ్రియేలు దూత రెక్కలతో సహా కావాలి. తూర్పు దేశపు జ్ఞానులు ముగ్గురు, హేరోదు రాజు ఒకడు, సత్రం యజమాని మన మురళీమోహన్. వీళ్లలో సగం మంది మీ పుస్తకంలో కూడా ఉన్నారని ఎవరో అన్నారు, కాబట్టి నీకు వివరాలు అక్కర్లేదు. కొలతలు వెనక పేజీలో ఉన్నాయి.

ఇట్లు,
నీ బావ
మరియదాసు

తా.క. బాలయేసుకి ప్లాస్టిక్ బొమ్మ ఉంది. దానికో చిన్న చొక్కా కుట్టు. పోయినేడు గొర్రె వేషం వేసినవాడు తొక్కి కుడిచెయ్యి విరగ్గొట్టాడు, అంచేత చేతులు పొడుగ్గా పెట్టు.


బడ్జ్ బడ్జ్,
నవంబరు 21

మరియదాసుకి బుడన్ సలాములు. నీ ఉత్తరం బస్సు కండక్టరు ఉమామహేశ్ తెచ్చి ఇచ్చాడు. ఇక్కడ అల్లా దయవల్ల అందరం బాగున్నాం. మిషన్లలో ఒకటి దగ్గుతోంది.

పని ఒప్పుకున్నాను. మరియమ్మ బట్టలు అన్నిటికన్నా ముందు మొదలుపెట్టాను. నీకు తెలుసో తెలీదో, మా ఖురాన్‌లో పేరుతో సహా కనిపించే ఆడమనిషి ఆవిడ ఒక్కతే. ఆవిడ పేరున ఒక అధ్యాయమే ఉంది. హలీమా చేతులు కడుక్కోకుండా ఆ గుడ్డ ముట్టుకోవడం లేదు.

మిగతా జాబితాతోనే చిక్కొచ్చింది.

మొదటిది, ఈ యోసేపు ఎవరు? మా కథలో మరియమ్మ ఒక్కతే ఊరికి దూరంగా వెళ్లిపోతుంది. వెంట ఒక్క మగపురుగు కూడా లేడు. ఆ మాటకొస్తే మీ ముగ్గురు దేవుళ్లలో ఆవిడ ఒకరు కదా, అంత ఆవిడ పక్కన మీ అల్లుడికేం పని? నాకు నీ సంగతి కొత్త కాదు. ఒక ఏడాది నీ తోడల్లుడు అలిగాడని హేరోదుకి లేని మంత్రిని పుట్టించావు. ఇప్పుడు అల్లుడి వంతు వచ్చినట్టుంది. కొలత టేపు చేతిలో ఉంది కాబట్టి అడుగుతున్నాను, అతను నిజంగా కథలో ఉన్నాడా?

రెండోది, రెక్కలు. మా జిబ్రయీల్ దూతకి ఆరువందల రెక్కలని పెద్దలు చెప్తారు. ఆరువందలకి నా దగ్గర గుడ్డ లేదు. రెండే కుడితే ఆయన్ని చిన్నబుచ్చినట్టు. కాబట్టి అసలు కుట్టను.

మూడోది, బొమ్మకి చొక్కా. ఈసా మాకు ప్రవక్త. ప్రవక్తకి మేము బొమ్మ పెట్టం, ఆ బొమ్మకి చొక్కా కుట్టమంటే నా చెయ్యి ఆడదు. కానీ చంటిబిడ్డని చలిలో ఉంచడం కూడా నా వల్ల కాదు. ఒక బొంత పంపుతాను, నిండా కప్పెయ్యి. విరిగిన చెయ్యి కూడా కనపడదు.

చివరిది, ఖర్జూర చెట్టు ఎక్కడ? నువ్వు రాయడం మర్చిపోయినట్టున్నావు.

ఇట్లు,
షేక్ బుడన్, టైలర్

తా.క. నన్ను బావా అని రాయొద్దని ఎన్నేళ్లనుంచి చెప్తున్నాను? పేరు పెట్టి రాయి, చాలు.


ఏక్‌బాల్‌పూర్,
నవంబరు 25

బావకి (రాస్తాను, ఏం చేసుకుంటావో చేసుకో) మరియదాసు వందనాలు. ఇప్పుడు కుడి మోకాలు కూడా పట్టేసింది. నీ ఉత్తరం చదివాకే.

మా మతం గురించి నీకు చెప్పిందెవరు? దేవుళ్లు ముగ్గురు కారు. ఉన్నది ఒక్కడే. పిత, పుత్ర, పరిశుద్ధాత్మ. అందులో మరియమ్మ లేదు, ఆవిడ తల్లి. ముగ్గురై ఒక్కడెలా అయ్యాడని మాత్రం మళ్లీ ఉత్తరం రాయకు. ఫాదర్ గారినే అడిగితే గంటసేపు చెప్పారు, నాకు వినిపించింది సగమే.

నీకు ఈ మరియమ్మ సంగతులన్నీ చిన్నప్పుడు మా అమ్మ పాడిన పాటల వల్ల అబ్బి ఉంటాయి. లేకపోతే మీ దేవుడు మహమ్మదు గారి పుస్తకంలో మా మరియమ్మకి ఒక అధ్యాయమా? చెప్పినా ఎవరూ నమ్మరు.

ఇక యోసేపు. నా అల్లుడి కోసం పుట్టించానంటావా? మత్తయి సువార్త మొదటి పేజీలోనే ఉన్నాడాయన. ఆషామాషీ మనిషి కాదు. సాక్షాత్తూ దావీదు మహారాజు వంశం. అబ్రహాము దగ్గర్నుంచి తాతల పేర్లన్నీ వరసగా రాసి ఉన్నాయి. అంతటివాణ్ని పట్టుకుని "మగపురుగు" అన్నావు. ఆయన గొప్పతనం తెలిసేలా కుట్టు, నీ తప్పు అలా దిద్దుకో.

ఖర్జూర చెట్టు లేదు. ఉన్నది పశువుల పాక. అందులో ఒక ఆవు, ఒక గాడిద ఉంటాయి. జ్ఞానులు వచ్చి బంగారం, సాంబ్రాణి, బోళం ఇస్తారు. ఇంతే కథ. రెండు వేల ఏళ్లనుంచి ఇంతే.

ఇట్లు,
మరియదాసు

తా.క. గబ్రియేలుకి రెండు రెక్కలు చాలు. మా హాల్లో సీలింగ్ ఫ్యాన్లున్నాయి.


బడ్జ్ బడ్జ్,
నవంబరు 30

మరియదాసుకి సలాములు. మిషన్ దగ్గు తగ్గింది, ఇప్పుడు నాకు పట్టుకుంది.

మహమ్మదు గారు మాకు దేవుడు కాదయ్యా. ప్రవక్త. నీకు అరవై ఏడేళ్లు వచ్చాయి, అందులో ఇరవై రెండేళ్లు మా పక్క గదిలో పెరిగావు, ప్రతి రంజాన్‌కీ మా ఇంట్లో సేమ్యా తాగావు. ఈ ఒక్క ముక్క ఎక్కలేదా? నేను ముగ్గురు దేవుళ్ల దగ్గర తప్పు చేశాను, ఒప్పుకుంటున్నాను. నువ్వు కూడా ఒప్పుకుంటే లెక్క సరిపోతుంది.

యోసేపు గురించి క్షమించు. దావూద్ నబీ వంశమని మొదటి ఉత్తరంలోనే రాయాల్సిన మాట. ఆయన మాకూ ప్రవక్తే, మాకూ రాజే. ఇనుము ఆయన చేతిలో మైనంలా మెత్తబడేదట. అలాంటి ఇంటి బిడ్డకి నేను అసలు గుడ్డే కత్తిరించలేదు. ఇప్పుడు చూడు, ఆ వంశానికి తగ్గట్టు కుడతాను. అల్లుణ్ని చూసి నువ్వే లేచి నిలబడతావు.

జ్ఞానుల బట్టలు అయిపోయాయి. చదువుకున్నవాళ్లు కదా, మా ఇమామ్ గారిలా నిరాడంబరంగా ఉంటేనే మర్యాద.

నీ ఉత్తరం హలీమాకి చదివి వినిపించాను. జ్ఞానులు తెచ్చిన సామాన్లు విని మిషన్ ఆపేసింది. "బంగారం, సాంబ్రాణి, ఇంకోటేటి? పురుడు పోసుకున్న పిల్లకి తిండానికేటీ తేనేదా? ముగ్గురికి ముగ్గురూ మగోలే అయ్యుంటారు" అంది. మా కథలో అలా కాదు. నొప్పులు పడుతూ మరియమ్మ ఒంటరిగా ఖర్జూర మానుని పట్టుకుని, ఇంతకన్నా ముందే చచ్చిపోయినా బాగుండేదని ఏడుస్తుంది. అప్పుడు కాళ్ల దగ్గర్నుంచి ఒక గొంతు, "దుఃఖపడకు, నీ కాళ్ల కింద సెలయేరుంది, మాను ఊపు, పళ్లు రాలతాయి, తిను, తాగు" అంటుంది. ఆ చోటు చదివినప్పుడల్లా నాకు కళ్లు చెమ్మగిల్లుతాయి. నీ పాకలో నీ ఆవుని ఉంచుకో, ఎవరొద్దన్నారు? ఒక మూల నా చెట్టు కూడా ఉంటుంది. గుడ్డతో కుడుతున్నాను, ఆరడుగులు.

ఇట్లు,
షేక్ బుడన్

తా.క. ఈసా మళ్లీ వస్తాడని మీరూ అంటారు, మేమూ అంటాం. వచ్చాక పాకో చెట్టో ఆయన్నే అడుగుదాం. అప్పటిదాకా రెండూ ఉండనీ.


ఏక్‌బాల్‌పూర్,
డిసెంబరు 8

షేక్ బుడన్ గారికి,

చెట్టు సంగతి ఫాదర్ హరీష్ గారి దాకా వెళ్లింది. "బైబిల్లో లేని చెట్టు స్టేజీ మీద ఎందుకు దాసు గారూ? నాటకం మీదా, వాళ్లదా?" అని నలుగురి ముందూ అడిగారు. అసలే నాటకం ఉంటుందో పోతుందో తెలియక నేను చస్తుంటే, నువ్వు నా స్టేజీ మీద నీ చెట్టు నాటుతున్నావు.

ఇన్నాళ్లూ అడగని మాట ఇప్పుడు అడుగుతున్నాను. నన్ను బావ అంటే నీకేం పోయింది? పుట్టినప్పటినుంచీ పక్కపక్క గదులు మనవి. నువ్వు పుట్టగానే మీ అమ్మకి విషజ్వరం వచ్చి పడిపోతే, మూడు నెలలు నీకు పాలిచ్చి బతికించింది మా అమ్మ. ఆ పాలు తాగినవాడివి, మాతో చుట్టరికం కలపడానికి నామోషీ. నాకు బాగా గుర్తుంది, మనకి ఇరవై రెండేళ్లప్పుడు, మా చెల్లెలు రమాకుమారిని చేసుకుంటావా బావా అని నవ్వులాటకి అడిగాను. చెప్పులు కూడా తొడుక్కోకుండా పారిపోయావు. అమ్మేమో పడీపడీ నవ్వింది కానీ నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత నెలకే బడ్జ్ బడ్జ్‌కి మకాం మార్చేశావు. మేము కిరస్తానీలం అనే కదా? ఇన్నేళ్లూ మింగాను. ఇప్పుడు పైకే అంటున్నాను.

బట్టలు పంపితే పంపు. నువ్వు మాత్రం నాటకానికి రావద్దు.

మరియదాసు

తా.క. ఏమీ లేదు.


ఏక్‌బాల్‌పూర్,
డిసెంబరు 27

బుడన్‌కి మరియదాసు వందనాలు.

నా ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. ఇరవై నాలుగో తారీకు సాయంత్రం నాలుగింటికి ఉమామహేశ్ మూట తెచ్చి పడేశాడు, లోపల చీటీ కూడా లేదు. నాటకం ఆరింటికి. విప్పి చూసి నేను కుర్చీలో కూలబడ్డాను.

మరియమ్మ బట్టలకి వంక పెట్టడానికి లేదు. అంత తెల్లటి గుడ్డ మీద అంత సన్నటి కుట్టు నేనెప్పుడూ చూడలేదు. పూజిత వేసుకుని అద్దం ముందునుంచి కదల్లేదు. కానీ యోసేపుకి ఏమిటది? ముఖమల్ అంగీ, మోకాళ్ల దాకా జరీ, నడుముకి పట్టు దట్టీ, తలపాగా మీద తురాయి. యోసేపు వడ్రంగి, నాయనా. రంపం పట్టుకుని బతికేవాడు. దావీదు వంశమని గొప్పలు పోయానే కానీ ఆ ముక్క రాయడం మర్చిపోయాను. తప్పు నాదే. తూర్పు దేశపు జ్ఞానులకి తెల్ల లాల్చీలు, జేబులో పెన్ను పెట్టుకునే చోటు. ముగ్గురూ కలిసి ఓటర్ల లిస్టు సరిచూడ్డానికి వచ్చినవాళ్లలా ఉన్నారు. రెక్కల్లేని గబ్రియేలు పక్క మెట్ల మీదుగా దిగొచ్చాడు. మార్చడానికి వ్యవధి లేదు.

అయిదున్నరకి హాల్లో పదకొండు మంది. ఫాదర్ గారు గడియారం చూసుకున్నారు. నేను తెర వెనక అమ్మ ఫొటో వైపు చూడలేకపోయాను. అప్పుడు వీధిలో మూడు వ్యాన్లు ఆగాయి. ముందు హలీమా, వెనక మీ టైలర్ల వీధంతా. అంచులు కుట్టినవాళ్లూ, పూసలు కట్టినవాళ్లూ, వాళ్ల పిల్లలూ, అత్తలూ. "మా కుట్టుపని మేం సూసుకోవద్దేటి?" అని హలీమా ముందు వరసలో కూర్చుంది. వాళ్లలో సగం మందికి తెలుగు రాదు. కానీ గబ్రియేలు నోరు తెరవకముందే ఏం చెప్తాడో అందరికీ తెలుసు. మాకన్నా నిశ్శబ్దంగా విన్నారు.

సత్రం దగ్గర కొంప మునిగింది. మురళీమోహన్ "చోటు లేదు" అనాలి. యాభై సార్లు అనిపించాను. ధనుంజయ్ జరీ అంగీతో తలుపు తట్టేసరికి వాడు రెండు చేతులూ జోడించి, "రండి బాబూ, రండి. మీలాటి పెద్దోలికి గది నేదంతానేటి?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. యోసేపు లోపలికి అడుగు వెయ్యబోయాడు. పూజితే కడుపు పట్టుకుని, "ఒద్దు బాబూ, నాకు పాకే బాగుంది" అని ఆయన్ని లాక్కుపోయి లోకరక్షకుడి చరిత్రని కాపాడింది. తర్వాత హేరోదు కూడా యోసేపుని చూసి సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు. ఆ ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడే ఘట్టమే లేదు కథలో.

నీ చెట్టుని తెర చాటున దాచాను. మీ ఆడవాళ్లలో ఒక ముసలామె లేచి బెంగాలీలో, "ఖర్జూరాలేవి, ఆ పిల్ల ఏం తింటుంది?" అని అడిగింది. ఎవరం ఏమీ అనకముందే ఫాదర్ హరీష్ గారే వెళ్లి ఆ చెట్టుని మోసుకొచ్చి పూజిత పక్కన పెట్టారు. పూజిత పొద్దుటినుంచి పస్తు ఉంది. మాను పట్టుకుని ఊపింది. నువ్వు ఆకుల మధ్య సంచుల్లో దాచిన పళ్లు టపటపా రాలాయి. "తినమ్మా, తిను" అని హలీమా కిందనుంచి అంది. అది ఒకటి నోట్లో పెట్టుకుంది. ముందు వరసలో మా డాక్ ముసలమ్మలూ మీ ముసలమ్మలూ ఒకేసారి పైటచెంగులతో కళ్లొత్తుకున్నారు. నేనూ ఏడ్చాను, దాచడం దేనికి.

ఫాదర్ గారు తలకాయలు రెండుసార్లు లెక్కపెట్టారు. ఎనభై మూడు. "వచ్చే ఏడాది నాటకం ఉంటుంది దాసు గారూ. చెట్టు జాగ్రత్తగా దాచండి" అన్నారు.

కానీ ఒక సంగతి అడగాలి. కిటికీ అవతల, చెప్పులు విడిచే చోట, మఫ్లర్ చుట్టుకుని నిలబడ్డది నువ్వేనని నాకు తెలుసు. రావద్దన్నానని లోపలికి రాలేదు. నేను కుంటుకుంటూ బయటికి వచ్చేసరికి నువ్వు లేవు. నా నోరు మంచిది కాదు, నా మీద కోపం ఉంచుకోకు. ఆ బావ సంగతి కూడా ఇక అడగను. నీకు ఇష్టం లేకపోతే మానేస్తాను.

ఇట్లు,
మరియదాసు

తా.క. అన్నీ అంత బాగా కుట్టినవాడివి, బాలయేసుకి మాత్రం ఆ పాత బొంత పంపావేమిటి? నాఫ్తలీన్ ఉండల వాసన, వెలిసిపోయిన నీలం గళ్లు. ఎవరో తీసేసి కొత్త దుప్పటి కప్పబోయారు. ఎందుకో నేనే వద్దన్నాను.


బడ్జ్ బడ్జ్,
డిసెంబరు 30

అన్నయ్య మరియదాసుకి తమ్ముడు బుడన్ సలాములు.

నువ్వు సరిగ్గానే చదివావు. కళ్లజోడు తుడుచుకోనక్కర్లేదు.

నీకు తెలిసిన సంగతే ఇది. నువ్వే రాశావు, మీ అమ్మ నాకు మూడు నెలలు పాలిచ్చిందని. నీకు తెలియంది ఒక్కటే. మా ధర్మంలో పాలిచ్చిన ఆవిడ తల్లి. నోటిమాటకి తల్లి కాదు, వరసకే తల్లి. ఆవిడ పిల్లలు నాకు తోడబుట్టినవాళ్లు. అలాంటప్పుడు నువ్వు నాకు బావ ఎలా అవుతావు? రమాకుమారి నా చెల్లెలు. చెల్లెల్ని చేసుకుంటావా అని నువ్వు అడిగితే చెప్పులు గుర్తుంటాయా? మీ మతం నాకు అడ్డం కాదు. మీ వాళ్ల పిల్లని మావాళ్లు చేసుకోవచ్చు, మా దగ్గర తప్పు లేదు. అడ్డం వచ్చింది ఆ పాలే. బడ్జ్ బడ్జ్‌కి మారింది కూడా ఇక్కడ కుట్టుపని దొరికిందనే. మా నాన్న ఈ సంగతి నీ తల్లికి అప్పుడే చెప్పాడు, అందుకే ఆవిడ ఆ రోజు అంతలా నవ్వింది. ఆ నవ్వు విని నీకు కూడా తెలుసునని నేను అనుకున్నాను. రావద్దన్న నీ ఉత్తరం చూసేదాకా నీకు తెలియదని నాకు తెలియదు. ఇన్నేళ్లు నువ్వు దాన్ని అవమానమనుకుంటూ బతికావా? నాకు చాలా బాధగా ఉంది, అన్నయ్యా.

మరి మొదటినుంచీ అన్నయ్య అని ఎందుకు పిలవలేదంటావు. నువ్వు నాకన్నా పెద్దవాడివి పదకొండు రోజులు. ఆ పెద్దరికం చేతికిస్తే నెత్తికెక్కి కూర్చుంటావని భయం. ఇప్పుడు కూడా ఉంది.

చెప్పులు విడిచే చోట నిలబడ్డది నేనే. అన్నగారు రావద్దన్నాక గుమ్మం తొక్కకూడదు కదా. యోసేపు వడ్రంగి అని తెలిసి హలీమా రెండు రోజులనుంచి నన్ను చూసి నవ్వుతోంది. వచ్చే ఏడాదికి ముతక అంగీ కుడతాను. ఆ జరీ అంగీ హేరోదుకి ఇవ్వు.

ఇట్లు,
నీ తమ్ముడు
షేక్ బుడన్

తా.క. హలీమాని చెల్లెమ్మా అనడం మానెయ్యి, మరదలవుతుంది. ఇంకొకటి, ఆ బొంత ఉతక్కుండా జాగ్రత్తగా తిరిగి పంపు. మా అమ్మ జ్వరంలో ఉన్న ఆ మూడు నెలలూ నన్ను చుట్టి ఒళ్లో పెట్టుకుని పాలిచ్చిన నాటి చీర అది, తర్వాత మా నాన్న అడిగి తెచ్చుకుని బొంత కుట్టించాడు. నీలం గళ్ల చీర, అన్నయ్యా. మన అమ్మది.